అక్క బండికి రెండు వందల పద్నాలుగు కార్డులు

జూన్ 2, ఆదివారం

ఉదయం 6:10. లేచాను. అలారం మోగకముందే! ఇంతకంటే మంచి శకునం ఉంటుందా?

ఈ రోజు నుంచి అక్క బండి పని మొదలు. వెనక రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా దుప్పటి కప్పుకుని పడుకున్న టూ స్ట్రోక్ స్పోర్ట్స్ బండి. రెండు సిలిండర్లు, రెండు సైలెన్సర్లు, ఎర్ర ట్యాంకు, ముందుకు వంగి పట్టుకోవాల్సిన హ్యాండిల్. అక్క నర్సింగ్ చదువుతూ, సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పి కొనుక్కుంది. బండి వీధి మలుపు తిరగకముందే ఆ మోత విని అమ్మ స్టవ్ మీద టీ పెట్టేది.

గడువు జూలై 14. అక్కకి ఇక్కడి పెద్దాసుపత్రికి బదిలీ అయింది. హెడ్ నర్సుగా వస్తోంది. నిన్న ఫోన్లో ఉత్సాహం ఆపుకోలేక, "నువ్వు దిగేసరికి నీ బండి గుమ్మం ముందు స్టార్ట్ చేసి పెడతానక్కా, నువ్వే నడపాలి" అనేశాను. "నిజంగానా రా?" అంది. ఆ గొంతు విన్నాక ఇక వెనక్కి తగ్గేది లేదు.

నలభై రెండు రోజులు. ప్రణాళిక:
విప్పడం – ఒక వారం.
కడగడం – ఒక వారం.
రిపేరు – ఒక వారం.
బిగించడం – ఒక వారం.
రంగు – ఒక వారం.
మిగిలిన వారం – కుర్చీ వేసుకుని చూసుకోవడం.

మా ఆవిడకు చదివి వినిపించాను. "ఏవండీ, మీ గిటారు ఎక్కడుందో గుర్తుందా?" అంది. అది వేరే సంగతి. గిటారుకు గడువు లేదు.

సాయంత్రం 5:00. పొద్దున అసలు సంగతి రాయలేదు. డైరీలో కూడా అబద్ధమాడితే ఇంక నిజం ఎక్కడ చెప్పుకోవాలి? రాస్తాను.

ఈ బండికి పెట్రోల్‌లోనే ఇంజన్ ఆయిల్ కలిపి పోయాలి. కలపకపోతే లోపల జారుడు ఉండదు. పిస్టన్ వేడెక్కి సిలిండర్‌ను కరుచుకుంటుంది. నాకు ఇరవై ఏళ్లప్పుడు, అక్క రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న ఒక మధ్యాహ్నం, అడక్కుండా బండి తీశాను. పెట్రోల్ పోయించాను. ఆయిల్ మరిచాను. తొమ్మిదో కిలోమీటరులో ఇంజన్ కీచుమని పట్టేసింది. తోసుకుంటూ వచ్చి, ఎక్కడ ఉన్నది అక్కడే పెట్టి, తాళం మేకుకు తగిలించాను.

మర్నాడు అక్క కిక్ కొడితే కిక్ దిగలేదు. ముందు ఆదివారం తను బైపాస్ మీద మరీ గట్టిగా తోలిందట, అందుకే పోయిందని తనే తీర్మానించుకుంది. "నా చేతిలోనే పోయిందిరా" అని ఏడ్చింది. నేను పక్కనే నిలబడి ఓదార్చాను!

కాబట్టి నా పథకం సులువు. బండి స్టార్ట్ అవ్వాలి, అక్క నడపాలి. ఆ సంతోషంలో పాత సంగతి ఎవరూ ఎత్తరు. నేను నోరు విప్పే అవసరమే రాదు.

జూన్ 3, సోమవారం

మధ్యాహ్నం 1:30, గ్రంథాలయంలో. భోజనం వేళ గొప్ప ఆలోచన వచ్చింది!

పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ పుస్తకాలకు కార్డులు రాస్తున్నాను. నలభై వేల పుస్తకాల్లో ఏది అడిగినా రెండు నిమిషాల్లో తీసి చేతిలో పెడతాను. మెకానిక్కులందరూ చేసే తప్పేమిటి? నట్లూ బోల్టులూ అన్నీ ఒకే డబ్బాలో పోసేస్తారు. నేనలా చెయ్యను. బండిలో ప్రతి భాగానికీ ఒక కార్డు. ఖాళీ కార్డులు మూడు కట్టలు, పాత ఇనుప అల్మారా ఒకటి సిద్ధం చేశాను. ఒక బండి ఎంత, నేనెంత!

జూన్ 9, ఆదివారం

నిన్నా ఈ రోజూ విప్పుడే విప్పుడు. చేతులు మోచేతుల దాకా నలుపు. ఆహా!

ట్యాంకు, సీటు, సైలెన్సర్లు, కార్బురేటర్లు, క్లచ్ కవరు, క్లచ్ పళ్లేలు – అన్నీ బయటికి. సిలిండర్లు మాత్రం పిస్టన్లతో కలిసి మొండికేశాయి. కిరోసిన్ పోసి నానబెట్టాను.

వర్గీకరణ బ్రహ్మాండంగా ఉంది. బోల్టులన్నీ ఒకచోట, పొడవు క్రమంలో. నట్లన్నీ ఒకచోట. వాషర్లు చిన్నదాని నుంచి పెద్దదానికి. స్ప్రింగులకు విడిగా ఒక అర. అల్మారా తలుపు తీస్తే కళ్లు చల్లబడుతున్నాయి.

మా ఆవిడ వచ్చి చూసి, "బాగుంది కానీ, ఏది ఎక్కడి నుంచి తీశారో రాశారా?" అంది.

"పొడవుతో సహా రాశాను" అన్నాను.

ఇంకేదో అనబోయి ఆగి, టీ పెట్టడానికి వెళ్లింది. పద్ధతి తెలియని వాళ్లకు ఇవన్నీ వివరించడం కష్టం.

జూన్ 12, బుధవారం

సిలిండర్లు ఊడాయి! పని ముగించుకుని దారిలో పొగ మేస్త్రికి చూపించాను. మెకానిక్. టూ స్ట్రోక్ బండ్ల పొగ పీలిస్తే తప్ప పొద్దు గడవదని ఆయనకు ఆ పేరు. పిస్టన్ చేతిలోకి తీసుకుని, కళ్లజోడు నెత్తి మీదికి తోసి, వెలుగులో తిప్పాడు. పక్కల మీద నిలువు గీతలు.

"ఇది గట్టిగా తోలితే పోయింది కాదు సార్. ఎవడో మహానుభావుడు ఉత్త పెట్రోలు పోశాడు."

"అలాగా" అన్నాను.

"దొరికితే వాణ్ణి బండికి కట్టేసి ఊరంతా తిప్పాలి."

"కట్టాల్సిందే" అన్నాను.

సిలిండర్లు బోరింగ్ షాపుకు పంపాడు. లోపల చెక్కి నున్నగా చేసి, కొత్త పిస్టన్లు వేస్తారట. రెండు వారాలు పడుతుంది. ఇంటికొచ్చే దారంతా చెవులు వేడిగా ఉన్నాయి.

జూన్ 16, ఆదివారం

కార్డులు పూర్తి. మొత్తం రెండు వందల పద్నాలుగు! చివరి కార్డు నంబరు చుట్టూ చిన్న పూలతీగ గీశాను. ఎందుకో గీయాలనిపించింది.

కడగడం కూడా పూర్తి. సరిగ్గా ప్రణాళిక ప్రకారమే నడుస్తున్నాను. కాలరెగరేసి వీధిలో అటూ ఇటూ నడిచాను, ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు.

మా ఇంట్లోనే ఉండే అత్తగారు బండి సీటు తీసుకెళ్లి వరండాలో వేసుకున్నారు. మొక్కలకు నీళ్లు పోసి అలసిపోయాక దాని మీద కూర్చుంటున్నారు. "మెత్తగా ఉంది అల్లుడుగారూ, నడుం నొప్పి తగ్గింది" అన్నారు. నాలుగు వారాలే కదా, కూర్చోనిచ్చాను.

జూన్ 19, బుధవారం

బోరింగ్ షాపు నుంచి కబురు లేదు. అవి రాకుండా నేనేం చెయ్యగలను? అల్మారా తుడిచాను.

జూన్ 23, ఆదివారం

అక్క ఫోను. "ఎంతదాకా వచ్చిందిరా?"

"అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతున్నాయక్కా."

"క్లచ్ విప్పావా? అందులో పళ్లేల మధ్య సన్నటి వాషరొకటి ఉంటుంది, జాగ్రత్త. మొదటి ఏడాది నేను దాన్ని మూడుసార్లు పోగొట్టాను. ఆ బండి నట్టునట్టూ నాకు తెలుసు, ఏదన్నా అనుమానమొస్తే అడుగు."

"అలాగే" అన్నాను. అడగనని నాకు తెలుసు. అడిగితే, "సిలిండర్ ఎలా ఉంది? పిస్టన్ మీద గీతలున్నాయా?" అంటుంది. అక్కడి నుంచి నిజం ఎంత దూరమో లెక్కేస్తే నాలుగు ప్రశ్నలు.

పెట్టేసే ముందు, "ఈసారి మెల్లగా తోలతాలే, ఒట్టు" అంది. ఆ మాట తర్వాత అన్నం సయించలేదు. ఇవాళ బండి పనికి సెలవు.

జూన్ 27, గురువారం

పని చెయ్యకపోవడానికి కారణాలు:
సోమవారం – గ్రంథాలయంలో పుస్తకాల లెక్క.
మంగళవారం – వర్షం. షెడ్డు కారింది.
బుధవారం – కారడం ఆగిందో లేదో చూశాను.
ఈ రోజు – తలనొప్పి. నిజంగానే.

కానీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హెల్మెట్టూ చేతి తొడుగులూ కొన్నాను. అద్దం ముందు పెట్టుకుని చూస్తే బాగానే ఉన్నాను. "బండి కంటే ముందే బండి మనిషి తయారయ్యాడు" అంది మా ఆవిడ, తలుపు దగ్గర నిలబడి.

జూన్ 30, ఆదివారం

సిలిండర్లు వచ్చేశాయి! అద్దంలా మెరుస్తున్నాయి. మళ్లీ ఊపొచ్చింది. ఈ రోజు నుంచి బిగింపు!

ఉదయం 9:00. సులువైన దానితో మొదలుపెడదామని క్లచ్ కవరు తీశాను. ఒక మూత. దాని చుట్టూ పన్నెండు రంధ్రాలు. పన్నెండు బోల్టులు కావాలి. అల్మారా తెరిచాను.

9:05. బోల్టులు డెబ్బై ఒకటి ఉన్నాయి.

9:40. ఈ డెబ్బై ఒకటిలో ఏ పన్నెండు?

11:15. కార్డులన్నీ చదివాను. ప్రతి బోల్టు పొడవు, లావు, తల ఆకారం, తుప్పు శాతం, శుభ్రం చేసిన తేదీ ఉన్నాయి. ఎక్కడి నుంచి తీశానన్నది మాత్రం ఒక్క కార్డు మీదా లేదు.

11:20. నేల మీద కూర్చున్నాను.

12:00. మా ఆవిడ భోజనానికి పిలిచింది. నా మొహం చూసింది, తెరిచిన అల్మారా చూసింది. ఆ రోజే అడిగానని అనలేదు. ఆ అనకపోవడం ఇంకా ఘోరంగా ఉంది. "వదినకు ఫోన్ చెయ్యండి, నిమిషంలో చెబుతుంది" అంది.

"వద్దు."

"ఎందుకు?"

"ఆశ్చర్యపరచాలని."

"ఆశ్చర్యపోవడం మాత్రం ఖాయం" అంది.

జూలై 3, బుధవారం

సాయంత్రం పొగ మేస్త్రి ఇంటికొచ్చాడు. అల్మారా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చాలా నీటుగా ఉంది సార్. షాపు పెడుతున్నారా?"

"కాదు మేస్త్రీ, బండి."

"ఏది సార్ బండి?"

"ఇదే."

కార్డు 88 తీసి పైకి చదివాడు. "'బోల్టు. పొడవు ముప్పై అయిదు. ఆరు పలకల తల. స్థితి: మధ్యస్థం.' బాగుంది సార్. ఇది ఎక్కడ పెట్టాలి?"

"మూడో అర, ఎడమ నుంచి నాలుగోది."

"అల్మారాలో కాదు సార్, బండిలో."

ఆయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాడట. గోనెసంచిలో వచ్చినవి చూశాడు, బకెట్లో వచ్చినవి చూశాడు, ఇంత శుభ్రంగా పాడైన బండిని చూడటం మాత్రం ఇదే మొదలట.

"ఇలాంటిదే ఇంకో బండి దొరికితే పక్కన పెట్టుకుని చూసి బిగించొచ్చు. ఈ చుట్టుపక్కల లేదు. లేదంటే దీన్ని ఒకసారైనా చేత్తో విప్పి బిగించిన మనిషి కావాలి. అలాంటివాళ్లు ఎవరన్నా తెలుసా సార్?"

"తెలియదు" అన్నాను. అబద్ధాలు ఇంత తేలిగ్గా వచ్చేస్తుంటే నా మీద నాకే భయమేసింది.

జూలై 7, ఆదివారం

తాడో పేడో తేల్చుకుందామని కూర్చున్నాను. పన్నెండు బోల్టులు చూపుతోనే ఎంచి క్లచ్ కవరు బిగించాను. పదకొండు చక్కగా కూర్చున్నాయి. పన్నెండోది కాస్త పొడవనిపించింది. సర్దుకుంటుందిలే అని పానా వేసి ఇంకో చుట్టు తిప్పాను.

టప్.

కవరు చెవి విరిగి కింద పడింది. మేస్త్రికి ఫోన్ చేశాను. అంతా విని, "లోపల క్లచ్ పళ్లేలు పెట్టే బిగించారా సార్?" అన్నాడు. అవి రెండో అరలో ఉన్నాయి. కార్డు 140 నుంచి 151 వరకు. ఖాళీ ఇంజన్‌కు మూత బిగించానన్నమాట!

ఇంకో వారం ఉంది. చాలు. వారం అంటే తక్కువేమీ కాదు.

జూలై 11, గురువారం

ఈ వారం చేసిన పని: హ్యాండిల్ తుడిచాను.

చేతులెత్తేశాను. రాసుకోవడానికి సిగ్గేస్తోంది కానీ ఎత్తేశాను. అక్కతో ఎలా చెప్పాలో ఒక కాగితం మీద రాసుకున్నాను. మొదటి ప్రతిలో తప్పు పెట్రోలు బంకు వాడిది. రెండో ప్రతిలో నా వయసుది. మూడో ప్రతి "అక్కా" దగ్గర ఆగిపోయింది.

జూలై 12, శుక్రవారం

మధ్యాహ్నం 2:00. మెరుపులాంటి ఆలోచన!

బయటికి కనిపించేవి ఏమిటి? చక్రాలు, ట్యాంకు, సీటు, హ్యాండిల్, సైలెన్సర్లు. ఇవి తగిలించడం నాకు వచ్చు. షెడ్డులో నేల మీదున్న ఇంజన్‌ను అక్కడే వదిలేసి, దాని చోట పాత కర్టెన్ ఒకటి అందంగా కప్పి, "పెట్రోలు లేదక్కా, రేపు తోలుదువుగాని" అంటే ఒక రోజు గడుస్తుంది. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత.

జూలై 13, శనివారం

తగిలించాను. సైలెన్సర్లను తీగతో కట్టాను. సీటు దగ్గరే పేచీ వచ్చింది. "నెలరోజులుగా అలవాటైపోయింది అల్లుడుగారూ" అన్నారు అత్తగారు, లేవకుండా. రెండు దిండ్లు, ఒక కుర్చీ ఇచ్చి రాజీ చేసుకున్నాను.

దూరం నుంచి చూస్తే బండే. కన్ను సగం మూస్తే ఇంకా బాగుంది.

జూలై 14, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం 8:20. అక్క ఆటో దిగింది. నన్ను పలకరించకుండా నేరుగా బండి దగ్గరికెళ్లింది. ట్యాంకు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"స్టార్ట్ చెయ్యిరా."

"పెట్రోలు లేదక్కా."

తల ఊపి, హ్యాండిల్ పట్టుకుని, స్టాండు మీంచి బండిని కొంచెం పక్కకు వంచింది. ఆగింది. మళ్లీ వంచింది.

"ఇంత తేలిగ్గా ఉందేంట్రా?"

కర్టెన్ ఎత్తింది. అటుపక్క మొక్కలకు నీళ్లు పోస్తున్న అత్తగారు కనిపించారు. అత్తగారు కూడా ఇటు తొంగిచూసి, "బాగున్నావా అమ్మా?" అన్నారు. ఒక సైలెన్సరు తీగ తెంచుకుని దభీమని పడింది.

అక్క నవ్వింది. మెట్ల మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వింది. మా ఆవిడ కూడా కలిసింది. లోపలికి తీసుకెళ్లి అల్మారా చూపించాను. కార్డులు చదివి ఇంకా నవ్వింది. మాటల మధ్యలో ఒక బోల్టు తీసి, "ఇది క్లచ్ కవర్‌ది, కింద ఎడమ వైపు" అని చూడకుండానే పక్కన పెట్టింది.

గండం గడిచినట్టే. నవ్వుతో గట్టెక్కాను. అలా అనుకుంటూ ఉండగానే నా వీపు తట్టి, "బాధపడకురా. ఇందులో నీ తప్పేముంది? దీన్ని చంపింది నేను కదా" అంది.

అక్కడ ఆగలేకపోయాను. మూడు ప్రతుల్లో ఒక్క ముక్క గుర్తు రాలేదు. "నువ్వు కాదక్కా, నేను. నువ్వు పడుకున్నప్పుడు తీశాను. ఆయిల్ కలపలేదు" అన్నాను.

మా ఆవిడ నవ్వు సగంలో ఆగిపోయింది. అక్క చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఎంత దూరం?"

"తొమ్మిది కిలోమీటర్లు."

"ఎంత స్పీడు మీద?"

"తొంభై."

"తొంభై మీద పట్టేస్తే పడాలే."

"పడ్డాను. బండి గడ్డిలో పడింది, నేను కంకర మీద. మోచెయ్యి చీరుకుపోయింది."

అక్క నా మోచేతి వైపు చూసింది. "మెట్ల మీద జారానన్నావు. రాళ్లు ఏరి, కడిగి, కట్టు కట్టింది నేను. పది రోజులు రోజూ మార్చాను. అప్పుడు కూడా చెప్పలేదా?"

సంచి తీసుకుని వెళ్లిపోయింది. రెండు వీధుల అవతల అద్దెకు తీసుకున్న ఇంటికి. భోజనానికి కూడా ఆగలేదు. ఇంజన్ లేని ఆ బండి సీటు మీద కూర్చుని సాయంత్రం దాకా గేటు వైపు చూశాను.

జూలై 15, సోమవారం

మా ఆవిడ నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. "నాకైనా చెప్పొచ్చు కదండీ" అంది పొద్దున. "వదిన స్థానంలో నేనుంటే ఆ గ్లాసు గోడకు కొట్టేదాన్ని."

అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జూలై 17, బుధవారం

అక్క నుంచి సందేశం: "డ్యూటీలో ఉన్నాను." అంతే. నాలుగుసార్లు చదివాను. చివర ఒక చుక్క పెట్టింది. కోపంతో పెట్టిందా, ఊరికే పెట్టిందా?

విరిగిన కవరు లేత్ షాపుకు తీసుకెళ్లి చెవి అతికించమని ఇచ్చాను. ఎవరూ అడగలేదు. చెయ్యాలనిపించింది.

జూలై 20, శనివారం

కవరు వచ్చింది. అతుకు గట్టిగా ఉంది. అల్మారాకు తాళం వేశాను. ఇక ఈ బండి జోలికి వెళ్లను. గిటారు వెతుకుదామనుకుంటున్నాను.

జూలై 21, ఆదివారం

ఉదయం 6:40. కాలింగ్ బెల్. పాత చొక్కా, నెత్తికి గుడ్డ, చేతిలో పానాల సంచి. అక్క! "తాళం చెవి ఏది?" అంది. ఇచ్చాను. వెనకాలే నడిచాను.

మధ్యాహ్నం 12:10. ఇక్కడి నుంచి రాస్తున్నది వీడి అక్క. డైరీ లాక్కున్నాను. మొదటి నుంచి చివరి దాకా చదివాను కూడా. ఒక్క వాక్యం చెప్పడానికి భయపడి డెబ్బై ఒక్క బోల్టులకు కొలతలు తీసిన మనిషిని నా సర్వీసులో చూడలేదు.

రోగి: బండి.
పరిస్థితి: విడివిడిగా ఉంది. శుభ్రంగా ఉంది.
అటెండెంట్: తమ్ముడు. నమ్మకూడదు. అందించమన్నది మాత్రం క్షణంలో అందిస్తాడు. "ముప్పై అయిదు బోల్టు" అనగానే కార్డు నంబరుతో సహా చేతిలో పెడుతున్నాడు. ఆ పనికి పనికొస్తాడు.

ఈ రోజు చేసింది: క్లచ్ పళ్లేలు పెట్టాం. సన్నటి వాషరు నేను పోగొట్టలేదు, వీడు పోగొట్టలేదు. దానికీ కార్డుంది. కవరు మూసి పన్నెండు బోల్టులూ బిగించాను.

ఇది కూడా రాయాలి. ఆ బండి నా చేతిలో పోయిందనుకున్న రోజు నుంచి మళ్లీ ఏ బండీ ఎక్కలేదు. నా చెయ్యి మొరటుదని నిర్ణయించేసుకున్నాను. సూది వేసినా, సెలైన్ పెట్టినా, ఇంటి తాళం వేసినా రెండోసారి చూసుకుంటాను. పాత ఆసుపత్రిలో నా వెనకాల నన్ను 'రెండోసారి సిస్టర్' అనేవాళ్లు. ఆ అనుమానంతోనే హెడ్ నర్సునయ్యాను, అది వేరే సంగతి. ఈ వారమంతా కోపంతో నిద్రపట్టలేదు. ఈ రోజు పన్నెండు బోల్టులు బిగించి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాక తెలిసింది, ఒక్కదాన్నీ రెండోసారి చూసుకోలేదు.

కోపం పోలేదు. వీడి భార్య వడ్డించింది కాబట్టి తింటున్నాను, వీడి కోసం కాదు.

"ఎన్నాళ్లు పడుతుందక్కా?" అని గుమ్మం దగ్గర నిలబడి అడుగుతున్నాడు. నాలుగు వారాలు, మహా అయితే అయిదు. ఇందులో పెద్ద పనేముంది? ప్రతి ఆదివారం ఉదయం ఏడింటికి షెడ్డులో ఉండాలి. వర్షం, తలనొప్పి, పుస్తకాల లెక్క చెల్లవు. బండి స్టార్ట్ అయ్యాక ఆయిల్ వీడే కలుపుతాడు, నా కళ్ల ముందు, కొలిచి.

ఆ రోజే చెప్పి ఉంటే రెండు దెబ్బలు వేసి వదిలేసేదాన్ని. ఇప్పుడు వదలను. ఈ రోజు మొదటి రోజు.